రిపేరు నుంచి వచ్చిన బండి వేడెక్కుతోంది: గాలి తీయించాలా, థర్మోస్టాట్ మార్చాలా, హెడ్ విప్పించాలా?

వాటర్ పంపో, టైమింగ్ బెల్టో, రేడియేటరో మార్పించుకుని ఇంటికి తెచ్చుకున్న రెండు మూడు రోజులకే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోతోంది, ఇప్పుడేం చేయించాలి అని అడిగేవాళ్లు చాలామంది. షెడ్డులో వినిపించే జవాబులు మూడే. ఎయిర్ లాక్ అయింది (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, పారే దారిలో గాలి చిక్కింది), గాలి తీద్దాం. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) పోయింది, మారుద్దాం. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైనుండే హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య సీలు) పోయింది, విప్పుదాం. మొదటిది ఓ గంట పని, కాస్త కూలెంట్. మూడోదానికి ఇంజిన్ పైభాగమంతా ఊడదీయాలి.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ వేడి రిపేరుకు ముందు కూడా ఉందా? లేదని తేలితే, మెకానిక్ చెయ్యి పడ్డ చోటు నుంచే వెతకాలి. కూలెంట్ దించిన పని ఏదైనా సరే, నా ఓటు గాలి తీయడానికే.

కారణం ఇది. కూలెంట్ దించి మళ్లీ నింపినప్పుడు గాలి ఎత్తైన చోట్ల చిక్కుతుంది: హీటర్ కోర్ (క్యాబిన్ హీటర్‌లోని చిన్న రేడియేటర్), థర్మోస్టాట్ హౌసింగ్, సిలిండర్ హెడ్ పైభాగం. కూలెంట్ డబ్బాలో మట్టం మ్యాక్స్ దగ్గరే కనిపిస్తుంది గానీ లోపల లీటరు దాకా వెలితి ఉండొచ్చు. దించినంతా తిరిగి పట్టిందా అని మెకానిక్‌ని అడగండి. నాలుగు లీటర్లు దిగి, మూడే పట్టాయంటే మిగతా చోటు గాలిదే. గుర్తులు కూడా తేలికే. ఇంజిన్ కాగుతున్నా హీటర్ ఫుల్ హాట్‌లో చల్లగాలే వస్తుంది, డ్యాష్‌బోర్డు వెనక గుడగుడ వినిపిస్తుంది, ముల్లు ఉన్నట్టుండి ఎక్కి దానంతటదే దిగుతుంది.

తీసే పద్ధతి: బండి పూర్తిగా చల్లారాక ముందు చక్రాలు ఎత్తు మీద ఉంచాలి. హీటర్ ఫుల్ హాట్, బ్లోయర్ తక్కువ. గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే, బుడగల్లేని ధార వచ్చేదాకా వదిలి బిగించాలి. రేడియేటర్ నోటికి గట్టిగా పట్టే గరాటు పెట్టి, సగం దాకా కూలెంట్ పోసి, ముందు ఐడిల్‌లో, తర్వాత 1500–2000 ఆర్‌పీఎం దగ్గర నడపాలి. గ్లవ్స్ వేసుకుని పై హోస్‌ను నొక్కుతూ ఉంటే బుడగలు పైకొస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా దిగుతుంది, అప్పుడు పోయాలి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక, ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి మూత బిగించాలి. మర్నాడు పొద్దున మట్టం మళ్లీ చూడాలి. షెడ్డులో లోపలి గాలిని లాగేసి కూలెంట్ నింపే వాక్యూమ్ ఫిల్లర్ ఉంటే ఇంకా మంచిది. కూలెంట్ పోసే ముందు లాగిన వాక్యూమ్ కొన్ని నిమిషాలు నిలిస్తే లీకు లేదని కూడా తేలిపోతుంది.

ఇదంతా నిలబెట్టిన బండి మీదే జరగాలి. గాలి ఉన్న ఇంజిన్‌ను రోడ్డు మీద తిప్పి చూస్తే, బాగున్న హెడ్ కూడా వంకరపోవచ్చు.

థర్మోస్టాట్ విషయానికొస్తే, చాలా కార్లలో అది 82–88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. ఇంజిన్ 95 దాటినా రేడియేటర్ కింది హోస్ చల్లగా ఉంటే మూసుకుపోయిందని తీర్పు చెప్పేస్తారు. కానీ థర్మోస్టాట్‌ని తెరిచేది లోపల వేడికి కరిగి ఉబ్బే మైనం; దాని చుట్టూ కూలెంట్ బదులు గాలి ఉన్నా అది తెరుచుకోకపోవచ్చు. లక్షణం అదే, కారణం వేరు. అందుకే గాలి తీయకుండా థర్మోస్టాట్ మార్చడం దండగ. తీశాక కూడా అలాగే ఉంటే విప్పి, నీళ్ల గిన్నెలో వేలాడదీసి, నీళ్లు కాస్తూ థర్మామీటరుతో చూడండి. దాని మీద కొట్టిన డిగ్రీ దగ్గర కదలిక రావాలి. తిరగేసి బిగించారేమో, చిన్న గాలి రంధ్రం పైకి ఉండాల్సింది కిందికి పోయిందేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

మన ఎండలకి థర్మోస్టాట్ అక్కర్లేదు, తీసి పారేద్దాం అనే సలహాను మాత్రం ఒప్పుకోకండి. కొన్ని ఇంజిన్లలో వేడెక్కాక బైపాస్ దారి మూసేది థర్మోస్టాటే. అది లేకపోతే కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే తిరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. తక్కిన ఇంజిన్లు సరైన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ తాగుతాయి.

హెడ్ గ్యాస్కెట్ ఆఖరి మాట, ఒక్క సందర్భంలో తప్ప: జరిగిన రిపేరే హెడ్ పని అయితే. అప్పుడు హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగును చదును చేసే పని) చేయించారా, సాగే రకం బోల్టులైతే కొత్తవి వేశారా, వరస ప్రకారం టార్క్ రెంచ్‌తో బిగించారా అని మొదటే అడగాలి. మిగతా బండ్లకు, విప్పే ముందు రెండు పరీక్షలు చేయించండి. ప్రెషర్ టెస్టులో రేడియేటర్ మూత మీద రాసిన ఒత్తిడి, చాలా వరకు 0.9–1.1 బార్, ఎక్కించి, అది పడిపోతుందేమో పది పదిహేను నిమిషాలు చూస్తారు; పడితే ఎక్కడో లీకు ఉన్నట్టు. బ్లాక్ టెస్టులో రేడియేటర్ నోటి దగ్గరి గాలిని నీలం ద్రావకంలోంచి లాగుతారు. పెట్రోలు బండికి అది పసుపుగా మారితే మంట గ్యాసు కూలెంట్‌లోకి వస్తున్నట్టే. చల్లటి ఇంజిన్ స్టార్టు చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా బిగుసుకుంటే అనుమానం బలపడుతుంది.

హైవే మీద బాగుండి ట్రాఫిక్‌లోనే వేడెక్కితే ఫ్యాన్ చూడండి: సాకెట్ పెట్టడం మరిచారా, వైర్లు తారుమారై వెనక్కి తిరుగుతోందా, చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు మళ్లీ బిగించారా. బెల్టు తప్పు దారిలో వేస్తే వాటర్ పంపు కూడా వెనక్కే తిరుగుతుంది.

లీకులు మూసే పొడులు, ద్రావకాలు వద్దు. హీటర్ కోర్ సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు, ముల్లు కాకుండా స్కానర్‌లో డిగ్రీలు చూపించమనండి. చాలా కార్లలో ముల్లు కొన్ని పదుల డిగ్రీల తేడాకు కూడా మధ్యలోనే నిలబడి ఉంటుంది. ఏసీ వేసి ఇరవై నిమిషాలు ఐడిల్‌లో ఉంచినా అంకె 105 లోపు నిలకడగా ఉంటేనే తాళాలు తీసుకోండి.