ఫ్రెంచి క్రియల ఈ-పుస్తకం కొనబోతున్నవారికి హెచ్చరిక

ఫ్రెంచి నేర్చుకునే తెలుగువారి కోసమంటూ ఆన్‌లైన్‌లో 499 రూపాయలకు అమ్ముతున్న, క్రియల పుట్టుపూర్వోత్తరాల ఈ-పుస్తకం జోలికి వెళ్లకండి. నమూనాగా చూపే పేజీల్లో క్రియారూపాల పట్టికలే ఉంటాయి, అవి బాగానే ఉన్నాయి. డబ్బు కట్టాక తెరుచుకునే వ్యుత్పత్తుల భాగంలోనే ఉంది మోసమంతా.

తినడం అనే అర్థమున్న ‘మాంజే’ సంగతి చూడండి. చేతిని చెప్పే లాటిన్ మాట ‘మానుస్’ నుంచి అది వచ్చిందని ఒక పేజీ అంటుంది. మన ‘మింగు’ నుంచే వెళ్లిందని తర్వాతి పేజీ! రెండూ తప్పే. మాంజేకి మూలం లాటిన్ ‘మందూకారే’, అంటే నమలడం. దాని వెనుక ‘మందెరే’ ఉంది. దవడ ఎముకకు ఇంగ్లీషులో చెప్పే మాండిబుల్ కూడా ఆ ఇంటిదే. సామాన్య రోమన్ల నోట ఈ నమలడమే, తినడాన్ని చెప్పే పాత మాట ‘ఎదెరే’ను పక్కకు నెట్టి, తినడమై కూర్చుంది. రుమేనియన్ ‘మిన్కా’ మాంజేకి తోబుట్టువు. ఇటాలియన్ ‘మంజారే’ పాత ఫ్రెంచి నుంచి అరువు వెళ్లింది. పశువుల మేతతొట్టెను చెప్పే ‘మాంజ్వార్’, దురదపెట్టడాన్ని చెప్పే ‘దేమాంజే’ ఫ్రెంచిలోనే పుట్టిన సంతానం. ఇంత కథ సిద్ధంగా ఉండగా కొత్తది కల్పించాల్సిన అవసరం ఏమొచ్చిందో!

తినడాన్నే చెప్పే స్పానిష్ ‘కొమేర్’ను కూడా ఇదే కుటుంబంలో కలిపేశారు. అది లాటిన్ ‘కొమెదెరే’ నుంచి వచ్చింది, అంటే ఎదెరే వంశం. తమాషా ఏమిటంటే, మన వంటింటికి నిజమైన దారి ఉన్నది ఇక్కడే. ఎదెరేకి, తినడం అనే అర్థమున్న సంస్కృత ‘అద్’ ధాతువు బంధువు, మన అన్నం ఆ ధాతువు నుంచి పుట్టిందే. ఆ ముక్క పుస్తకంలో ఎక్కడా లేదు. మింగు మాత్రం ద్రావిడ మాట, దాని పాత రూపం ‘మ్రింగు’. ఆ రకారం రచయిత కంటపడినట్టు లేదు.

డబ్బు వాపసు అడిగితే ‘భాషాశాస్త్రంలో భిన్నాభిప్రాయాలు సహజం’ అని జవాబు వచ్చింది. వెళ్లడం అనే అర్థమున్న ‘అలే’ పుట్టుక మీద పండితుల మధ్య వాదాలున్న మాట నిజమే. మందూకారే మీద అలాంటి పేచీ ఏమీ లేదు.

ఇలాంటివి కొనేముందు అలే పేజీ చూపించమని అడగండి. ఆ క్రియలో ‘జ వే’ (వెళ్తున్నాను) రూపం లాటిన్ ‘వాదెరే’ నుంచి, ‘జిరే’ (వెళ్తాను) రూపం లాటిన్ ‘ఈరే’ నుంచి వచ్చాయి. అన్నిటికీ ఒకే మూలం చూపిస్తే కొనకండి. ఫ్రెంచివారి ‘త్రెజోర్’ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, వ్యుత్పత్తులు, తొలి ప్రయోగాల కాలంతో సహా.