బెంటోటా ఆల్ ఇన్‌క్లూజివ్: తాగనోళ్లు కట్టిన తాగేటోళ్ల బిల్లు

మీ ఇంట్ల తాగేటోళ్ల కంటే తాగనోళ్లే ఎక్కువుంటే బీచ్ రిసార్ట్‌కు పోయేటప్పుడు తిండి, మందు అన్నీ కలిపిన ఆల్ ఇన్‌క్లూజివ్ తీస్కోకండి, టిఫిను, రాత్రి భోజనం మాత్రమే ఉండే హాఫ్ బోర్డ్ తీస్కోండి. ముందుగాల ఈ ముక్క చెప్పి తర్వాత మిగతా కథ చెప్త. హనుమకొండ చౌరస్తా కాడ ఒక ట్రావెల్స్ ఆయన కలర్ కలర్ పాంప్లెట్లు ముందటేసి "మేడం, ఒక్కసారి పైసలు కడితే మల్ల పర్సు తీసే పనే లేదు, తిండి, డ్రింక్స్, ఆటలు అన్నీ అందులనే" అన్నడు. శ్రీలంకల బెంటోటా బీచ్ కాడ దిగినంక పర్సు తియ్యని పూట లేదు.

పోయింది నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ, మా తమ్ముడు, మరదలు. 2025 జనవరి 11 శనివారం పోయి 15 బుధవారం వచ్చినం, సంక్రాంతి సెలవుల్ల. పెద్దోళ్లకు మనిషికి 66,000, పిల్లలకు 41,000, విమానం టికెట్లు, జీఎస్టీ కలిపి. దాని మీద అప్పుడు 5 శాతం టీసీఎస్, అంటే విదేశీ టూర్ అమ్మేటోళ్లు ముందే పట్టుకునే పన్ను, వేరే. ఇది ఇన్‌కమ్ టాక్స్ ఫైల్ చేసినప్పుడు వాపస్ వస్తది, గానీ ముందుగాల జేబుల నుంచి పోతది కదా. ఇగ వీసా, అదే ఈటీఏ అంటరు, మేము పోయినప్పుడు గవర్నమెంట్ సైట్ల మనోళ్లకు 20 డాలర్లు, అంటే 1,720 దాక. 12 ఏళ్ల లోపు పిల్లలకు అసలు ఫీజే లేదు. ట్రావెల్స్ ఆయన తలకు 3,500 తీస్కున్నడు, పిల్లలకు కూడా. సంగతి తెలిసినంక అడిగితే "సర్వీస్ చార్జ్ మేడం" అన్నడు. పది నిమిషాల ఫారం అది, ఇంట్ల కూసొని మీరే నింపుకోండి.

శ్రీలంకే ఎందుకంటే, మాల్దీవులు అడిగినం, రిసార్ట్ రేటు కంటే దీవికి తీస్కపోయే స్పీడ్ బోటు, సీప్లేన్ చార్జీలే భయపెట్టినయి. మాఫుషి లాంటి, ఊరోళ్లు ఉండే దీవులల్ల తక్కువకు వస్తది గానీ అక్కడ మందు బంద్, మా తమ్ముడు ఆ మాట ఇనంగనే తల అడ్డం ఊపిండు. థాయ్‌లాండ్‌కు అప్పుడు వీసా గొడవ లేకుండె, కానీ అక్కడ బయట తిండే అంత చౌక, మంచిగ ఉంటది, రిసార్ట్‌ల ముందే కట్టుడు దండగ అని పోయొచ్చినోళ్లు చెప్పిన్రు. గోవా అంటే పండుగ సెలవుల్ల రేట్లు మీకు తెల్సిందే. హైదరాబాద్ నుంచి కొలంబోకు డైరెక్ట్ విమానం, రెండు గంటల దారి, అత్తమ్మ మోకాళ్లకు అదే మంచిది అనుకున్నం. అత్తమ్మకైతే ఏదీ ఇష్టం లేకుండె. "అందరు కాజీపేటల దానాపూర్ ఎక్కి కుంభమేళాకు పోతుంటే నన్ను రావణాసురుని ఊరికి తీస్కపోతున్నరు" అని హనుమకొండ నుంచి శంషాబాద్ దాక అదే పాట. ఇన్నోవాకు 6,500 అయింది. విమానం టైంకే లేచింది, టైంకే దిగింది. కటునాయకె ఎయిర్‌పోర్టు కొలంబోకు ఉత్తరాన ఉంటది, బెంటోటా దక్షిణాన, సదరన్ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెలిపెన్న కాడ దిగి పోతే రెండు గంటలు. రోడ్డు మస్తుంది.

రిసార్ట్ పేరు చెప్ప గానీ చూడనీకి బాగుంటది. ముందట సముద్రం, ఎనక రైలు పట్టాలు, మధ్యల కొబ్బరి చెట్లు. రిసెప్షన్‌ల అందరి చేతులకు పచ్చ రంగు ప్లాస్టిక్ పట్టీలు ఏసిన్రు. ఎంత గట్టిగ అంటే కత్తెరతోటి కోస్తేనే వస్తది, స్నానం చేసినా అదే, పండుకున్నా అదే. అత్తమ్మ గాజుల మధ్యల దాన్ని చూస్కొని "ఇదేంది, దవాఖానల ఏసినట్టు" అన్నది. పట్టీ ఏసినంక ఒక లామినేట్ చేసిన కాగితం చేతుల పెట్టిన్రు. అసలు విషయం అంతా అందుల ఉన్నది. డ్రింక్స్ పొద్దుగాల పదిన్నర నుంచి రాత్రి పదిన్నర దాకనే. లోకల్ బ్రాండ్లు మాత్రమే, ఇంపోర్టెడ్ అంటే పైసలు. రూంల ఫ్రిజ్‌ల ఉన్నవాటికి పైసలు. రోజుకు రూంకు రెండు నీళ్ల సీసాలు ఫ్రీ, మూడోదానికి పైసలు. మోటార్ ఉన్న ఏ ఆటకైనా, జెట్ స్కీ గానీ బనానా బోటు గానీ, పైసలు. స్విమ్మింగ్ పూల్ పక్కన ఐస్‌క్రీం బండి ఉంది చూడండి, అది వేరేవాళ్లదట, ప్యాకేజీల రాదట. కప్పు 900 వాళ్ల రూపాయలు, మన లెక్కల 265. పిల్లలు ఆ బండి చుట్టే తిరుగుడు, నేను వాళ్ల ఎనక తిరుగుడు. చిన్నోడైతే పట్టీ చూపించి "అంకుల్, ఆల్ ఇన్‌క్లూజివ్" అని ఆయనకు దబాయించి చెప్పిండు, పాపం ఆయనేం చేస్తడు.

ఇగ ఆదివారం రాత్రి లిఫ్ట్‌ల ఒక కాగితం అతికిచ్చిన్రు. రేపు దురుతు పోయ, మందు ఇవ్వబడదు అని. శ్రీలంకల ప్రతి పున్నం సెలవు, పోయ దినం అంటరు, ఆ రోజు దేశమంత మందు అమ్ముడు బంద్, వైన్ షాపులు, బార్లు, హోటళ్లు అన్నీ. దురుతు పోయ అంటే బుద్ధుడు మొదటిసారి లంకకు వచ్చిన రోజని వాళ్లకు పెద్ద పండుగ. అది తప్పని నేను అనను, వాళ్ల దేశం, వాళ్ల పండుగ. కానీ పున్నం ఎప్పుడొస్తదో ఏడాది ముందే క్యాలెండర్‌ల ఉంటది కదా, అన్‌లిమిటెడ్ డ్రింక్స్ అని ఆ తేదీలకే ప్యాకేజీ అమ్మినోడు ఒక్క మాట చెప్పొద్దా? రిసార్ట్ వాళ్లు ఆ రోజుకు పూర్తి రేటు తీస్కుంటరా?

సోమవారం పొద్దుగాల మా తమ్ముడు బార్ కాడికి పోయిండు, నమ్మక. సీసాల మీద తెల్లటి దుప్పటి కప్పి నాలుగు మూలల క్లిప్పులు పెట్టిన్రు. బార్‌ల పిలగాడు బుట్టెడు నిమ్మకాయలు ముందటేసుకొని ఒక్కొక్కటి కోసి పిండుతున్నడు. కాఫీ కప్పుల పోసియ్యి, ఎవ్వలకు కనవడదు అని మనోడు బతిమాలితే ఆ పిలగాడు నవ్వి, లైసెన్స్ పోతది సార్ అని ఒక గ్లాసు నిమ్మకాయ నీళ్లు ముందట పెట్టిండు. మా ఆయన పెద్దగ తాగడు గానీ మొహం మాత్రం తమ్ముని కంటే ఎక్కువ మాడ్చుకున్నడు, పైసలు కట్టింది తను గదా. అత్తమ్మ ఒక్కతే ఖుషీ. సోమవారం ఆమె ఒక్కపొద్దు, పైన పున్నం, పైన భోగి. "పున్నం నాడు తాగుడేంది రా, నన్ను అడిగితే ఇంటికాన్నే చెప్పకపోదునా" అన్నది. ఆ మాటకు ఎవ్వరం ఏం అనలే.

మేనేజర్ కాడికి నేనే పోయిన. డ్రింక్స్ లేని రోజుకు హాఫ్ బోర్డ్ రేటు వెయ్యండి అన్న. కుదరదు మేడం, కంపెనీ పాలసీ అన్నడు. మరి ఆ పాలసీ బుకింగ్ కాగితంల ఏడుంది చూపియ్యండి అంటే చూపియ్యలే. ఆఖరికి బుధవారం పన్నెండింటికి ఖాళీ చేసుడు ఉండె, మా విమానం రాత్రి, ఒక రూం సాయంత్రం నాలుగింటి దాక ఫ్రీగ ఇచ్చిండు. గట్టిగ అడిగితేనే అది కూడా. మీరు పోతే పోయ పడ్డదా చూస్కోండి, పడితే బుక్ చేసేటప్పుడే ఆ పొద్దు రేటు తగ్గియ్యమని రాసి తీస్కోండి, నోటి మాట పనికి రాదు.

ఇప్పుడు లెక్క చెప్త, నా కడుపుమంట అంతా ఇక్కడనే ఉంది. అదే రూం, అదే తేదీలకు, ట్యాక్సులతో కలిపి ఆల్ ఇన్‌క్లూజివ్ రాత్రికి 17,800, హాఫ్ బోర్డ్ అంటే టిఫిను, రాత్రి భోజనం కలిపి 12,400. తేడా ఇద్దరికి 5,400, మన రూపాయికి వాళ్లది 3.40 లెక్కన 18,400 వాళ్ల రూపాయలు. మధ్యాహ్నం బయట ఇద్దరు మంచిగ తింటే 2,400. మిగిలిన 16,000 తాగి రాబట్టాలె. అక్కడ లయన్ బీరు పెద్ద సీసా మెనూ రేటు 1,400 ప్లస్ ప్లస్. ఈ ప్లస్ ప్లస్ అంటే ఏందో తెల్సుకోండి, 10 శాతం సర్వీస్ చార్జ్, దాని మీద 18 శాతం వ్యాట్, చేతికొచ్చేసరికి 1,817. అంటే రూంకు రోజుకు తొమ్మిది సీసాలు తాగితే మీ పైసలు మీకు గిట్టుబాటు. మా తమ్ముడు మొత్తం ఇంటి బరువు మోస్తా అన్నడు గానీ ఎంతని తాగుతడు? అత్తమ్మ రోజుకు రెండు గ్లాసుల నిమ్మకాయ నీళ్లు, నేను, మరదలు చాయ్. మా ముగ్గురికి కూడా తాగేటోళ్ల రేటే పడ్డది.

తిండి సంగతి. బఫే పెద్దదే, ఉడకబెట్టిన ఆలుగడ్డలు, ఉప్పు లేని చేపలు, తెల్ల సాసులు, యూరప్ నుంచి వచ్చేటోళ్ల కోసం చేసుడు అది. ఒక మూలకు వాళ్ల సొంత వంటలు పెడ్తరు, మీరు తిన్నగ అటే పోండి. పరిప్పు అని కొబ్బరి పాలల్ల చేసిన ఎర్ర కందిపప్పు లాంటిది, వేడి వేడి అప్పాలు, అంటే మన తియ్యటి అప్పాలు కాదు, గిన్నె లెక్క ఉండే దోసెలు, ఇగ సేమ్యాల లెక్క ఉండే ఇడియాప్పాలు. పొల్ సంబోల్ అని ఎర్రటి కొబ్బరి కారం ఉంటది, మనోళ్లకు అది చాలు. అత్తమ్మ సోమవారం టిఫిన్‌ల నీసు కాదని అదే పెట్టుకొని రెండు అప్పాలు తిన్నది. పక్క టేబుల్ ఆమె చూసి చెప్పింది, అందుల ఎండు చేప పొడి కలుపుతరని. మాల్దీవ్ ఫిష్ అంటరు, వాళ్లకు చాన కూరల్ల అది పడాల్సిందే. ఆ తర్వాత అత్తమ్మ రాత్రి దాక ఏం ముట్టలే, మా ఆయనతోటి మాట్లాడలే. బోర్డు మీద "వెజ్" అని రాసి పెట్టిన్రు అది. సెఫ్ వచ్చి సారీ చెప్పిండు, బోర్డు మాత్రం తెల్లారి కూడా అట్లనే ఉంది. శాకాహారులు ఉంటే కూర కూరకు అడగండి.

అత్తమ్మ కోపం పోయింది మాత్రం రైలు పట్టాల అవతల. మంగళవారం పక్కూరు అలుత్‌గామ స్టేషన్ దిక్కు నడుస్తుంటే ఒక ఇంటి ముందట నాలుగు బల్లలేసి రైస్ అండ్ కర్రీ అని బోర్డు. ప్లేటు 600, మన 176. ఇంటామె ఒక చిన్న పీట మీద కూసొని, పీటకు ముందట రంపం లెక్క పండ్లున్న ఇనుప బిళ్ల ఉంటది, దాని మీద కొబ్బరి చిప్ప తిప్పుతుంటే తురుము కింద పళ్లెంల పడుతుండె. అత్తమ్మ చెయ్యితోటి చేప ఈదినట్టు చూపిచ్చి వద్దు అని చెయ్యి ఊపింది. ఆమెకు తెల్సిపోయింది. ఎండు చేప డబ్బా తీసి దూరం పెట్టి, ఎండు మిరపకాయలు, ఎర్ర ఉల్లిగడ్డలు, ఉప్పు రోట్ల నూరి, ఆ తురుము కలిపి, నిమ్మకాయ పిండి, అత్తమ్మకు వేరే గిన్నెల పెట్టింది. అన్నం, పప్పు, లేత పనసకాయ కూర, సరస్వతి ఆకు కొబ్బరేసి చేసిన పచ్చడి, అప్పడం, అయిపోతుంటే మల్ల మల్ల ఏసుడు. అత్తమ్మ మల్ల మల్ల అన్నం పెట్టించుకున్నది. ఆఖరుకు మట్టి చిప్పల గడ్డ బర్రె పెరుగు, దాని మీద కితుల్ పాకం పోసిచ్చింది. కితుల్ అంటే మన జీలుగ చెట్టే. మన ఏటూరునాగారం దిక్కు కల్లు గీసుకొని తాగుతరు, వీళ్లు ఆ నీరాను కాచి తేనె లెక్క చేస్తరు. ఇక్కడ కూడా ఎవరన్న చేస్తే నేను లీటర్ల కొద్ది కొంట. ఏడుగురం కడుపునిండ తింటే పెరుగుతో కలిపి 5,600, మన 1,650. రిసార్ట్‌ల మా పైసలు కట్టిన లంచ్ ఆ రోజు ఎవరు తిన్నరో ఏమో.

అదే రోజు రైల్ల గాలె పట్నం పోయినం. థై పొంగల్ సెలవు కాబట్టి రైలు కిక్కిరిసింది, టికెట్ మన పైసల్ల మనిషికి వంద కూడా కాలే. పట్టాలు సముద్రం ఒడ్డునే పోతయి, కిటికీల నుంచి చూసుడే సరిపోయింది. హిక్కడువ ఇంక కొంచెం దూరం ఉందనంగ పెరలియ వస్తది, 2004 సునామీల నిండు రైలు కొట్టుకపోయి వెయ్యిమందికి పైనే పోయింది అక్కడనే. ఒకాయన చెయ్యి చూపిచ్చి చెప్పిండు, డబ్బాల కాసేపు ఎవ్వరం మాట్లాడలే. గాలె కోట మీద నుంచి క్రికెట్ స్టేడియం పూర్తిగ కనవడ్తది, మా ఆయన మొహంల మొదటిసారి నవ్వు చూసిన.

మాదు గంగ పడవ షికారు తప్పక చేయండి, కానీ బీచ్‌ల తిరిగే పిలగాండ్ల దగ్గర కాదు. మాకు 25,000 వాళ్ల రూపాయలు చెప్పిన్రు, బలపిటియకు పోయి పడవ కాడనే అడిగితే 12,000. మడ అడవుల మధ్యల నుంచి పోతది, ఒక దీవిల దాల్చిన చెక్క ఎట్ల వొలుస్తరో చూపిస్తరు. కొస్గొడ తాబేళ్ల కేంద్రానికి నేనైతే పోవద్దంట, ఫొటోల కోసం అందరి చేతులల్ల పెట్టుడు నాకు నచ్చలే. పైసల సంగతేమో, లంకాపే క్యూఆర్ ఉన్న షాపులల్ల ఫోన్‌పే పని చేసింది, చిన్న హోటళ్లకు, పడవోళ్లకు క్యాషే.

ఇంకొకటి, ఇదైతే మన బడి సెలవులకు సంబంధించింది. బెంటోటా, హిక్కడువ దిక్కు డిసెంబర్ నుంచి మార్చి దాకనే సముద్రం నెమ్మదిగ ఉంటది. ఎండాకాలం సెలవుల్ల, ముఖ్యంగ మే నుంచి అక్కడ నైరుతి గాలులు, ఎర్ర జెండాలు, నీళ్లల్లకు దిగనియ్యరు, అందుకే అప్పుడు రేట్లు సగానికి పడ్తయి. ట్రావెల్స్ వాళ్లు "ఆఫర్" అని అమ్మేది అదే. ఆ టైంల తూర్పు దిక్కు, ట్రింకోమలి, నిలావెలి, పాసికుడ మంచిగుంటయి, కాకపోతే ఎయిర్‌పోర్టు నుంచి ఐదారు గంటల దారి. మా తమ్ముడు అప్పుడే ట్రింకోమలి హాఫ్ బోర్డ్ రేట్లు చూస్తున్నడు, మే నెల పున్నం తేదీలు కూడా పక్కన రాసుకున్నడు. కోణేశ్వరం గుడి ఉందంటే అత్తమ్మ కూడా వస్తనన్నది.

ట్రావెల్స్ ఆయనకు ఇదంతా వాట్సాప్‌ల రాసి పెట్టిన. రెండు నీలం టిక్కులు పడ్డయి, జవాబు లేదు, రెండు రోజులకు ఫుకెట్ ఆల్ ఇన్‌క్లూజివ్ పాంప్లెట్ ఒకటి పంపిండు. టీసీఎస్ కట్టినట్టు ఫారం 27డీ ఇంకా ఇయ్యలే, సోమవారం షాపుకే పోయి కూసుంట.