వైన్ కిట్ కొనేముందు హైడ్రోమీటరును మంచినీళ్ళలో వేసి చూడండి (నేను చూడలేదు)

నిన్న రాత్రి రెండున్నరకి మా ఇంట్లో, నేను చేసిన వైన్ సీసాలు పేలాయి. ఒకటి కాదు, నాలుగు. ఇది రాసే సమయానికి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్క క్లోజెట్ గోడల మీద ఊదారంగు ఇంకా పోలేదు, నా చేతికి రెండు బ్యాండ్‌ఎయిడ్లు ఉన్నాయి, పైగా ఇది అద్దె ఇల్లు. కాబట్టి మాట కాస్త కరుకుగా ఉంటే సర్దుకోండి.

ఎవరి దగ్గర కొన్నానో పేరు రాయను. మన గ్రూపులో వాళ్ళకి పేరు అక్కర్లేదు కూడా. ప్రతి దీపావళి పాట్‌లక్‌కీ (తలా ఒకటి వండి తెచ్చే విందు) నల్లటి సీసా ఒకటి పట్టుకొచ్చి, "ఇంట్లో చేసిందే అన్నా" అంటూ తలా రెండు చుక్కలు పోసే తమ్ముడే. జులైలో పోస్టు పెట్టాడు: వైన్ మేకింగ్ కిట్, కంప్లీట్ సెట్, బిగినర్స్‌కి పర్ఫెక్ట్, 90 డాలర్లు. మూడు గ్యాలన్ల గాజు కార్బాయ్ (వైన్ పులియబెట్టే పెద్ద సీసా), బకెట్, ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి పోనిచ్చి గాలిని లోపలికి రానివ్వని మూత), గొట్టం, హైడ్రోమీటరు (రసంలో చక్కెర కొలిచేది), ఈస్ట్ ప్యాకెట్లు, క్లిప్పు మూతల నలుచదరపు సీసాలు పదమూడు. బేరం కూడా ఆడలేదు, మనవాడే కదా అని. ఈ 'మనవాడే కదా'కి నేను ఇప్పటిదాకా కట్టిందంతా లెక్కేస్తే ఇండియాకి రెండు టికెట్లు వచ్చేవి.

ఆగస్టులో మా ఊరు బాతెల్‌లో బ్లాక్‌బెర్రీలకి కొదవేముంది, నడకదారి పక్కన ఎక్కడ చూసినా కంపలే. ఇక్కడి వాళ్ళు హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అంటారు. అది ఆర్మేనియా వైపు మొక్క. 1885 ప్రాంతంలో లూథర్ బర్బాంక్ అనే ఆయన తెప్పించి ఆ పేరు పెట్టాడు, ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో అది కలుపు మొక్కల జాబితాలో ఉంది. పేరొకటి, సరుకొకటి. నాకు అక్కడే తట్టాల్సింది. కలుపుమందు కొట్టినట్టు బోర్డు లేని చోటు చూసుకుని, చేతులు గీరుకుపోతూ రెండు శనివారాల్లో పన్నెండు పౌన్లు కోశాం. గ్యాలన్‌కి నాలుగు పౌన్ల లెక్క.

చేసే పద్ధతి గురించి ఎక్కువ రాయను, అందులో తప్పు చేయలేదు. పళ్ళు చిదిమి, నీళ్ళు, చక్కెర కలిపి, క్రిముల్ని చంపే క్యాంప్‌డెన్ మాత్రలు గ్యాలన్‌కి ఒకటి వేసి, ఒక రోజు ఆగి ఈస్ట్ వేశాను. ఈస్ట్ ప్యాకెట్ మీద తేదీ దాటి రెండేళ్ళయింది, ఆ సంగతి నిన్న రాత్రి చెత్తబుట్ట వెతికితే తెలిసింది. పోనీ, అది కూడా నా తప్పే అనుకుందాం.

అసలు గొడవ హైడ్రోమీటరుది. తెలియని వాళ్ళకి: అది పాలకేంద్రంలో పాలలో ముంచే లాక్టోమీటరు లాంటిదే. గాజు గొట్టం, లోపల అంకెల కాగితం. రసంలో చక్కెర ఎక్కువుంటే పైకి తేలుతుంది, చక్కెర పులిసి ఆల్కహాల్ అయ్యేకొద్దీ కిందికి దిగుతుంది. మామూలు నీళ్ళలో 1.000 చూపించాలి. మొదలుపెట్టేటప్పుడు 1.090 దగ్గరుండాలి. నాకు 1.068 చూపించింది. చక్కెర తక్కువైందని ఇంకో 600 గ్రాములు పోశాను. 1.088 వచ్చింది, సంతోషించాను.

సెప్టెంబరు చివర్లో 1.000కి దిగి ఆగిపోయింది. మూడు రోజులు చూశా, కదల్లేదు. మా ఆవిడ ఒక చెంచా రుచి చూసి, "జ్యూస్‌లా తియ్యగా ఉంది, ఇది అయిపోయిందంటావా?" అంది. సైన్స్ అన్నాను. నాలుక తియ్యగా ఉందని చెబుతోంది, గాజు గొట్టం అయిపోయిందని చెబుతోంది. నేను గొట్టాన్ని నమ్మాను. సరే, నాకంటే తెలిసినవాణ్ణి అడుగుదామని ఆ రీడింగ్ ఫోటో తీసి తమ్ముడికి పంపాను. బొటనవేలు బొమ్మ పెట్టి, "సూపర్ అన్నా, బాటిల్ చేసేయండి" అన్నాడు. ఈ మెసేజ్ గుర్తుపెట్టుకోండి.

బాటిల్ చేశాను. పదమూడు సీసాలూ క్లోజెట్‌లో వరసగా పేర్చి ఫోటో కూడా పెట్టాను, మీలో ముప్ఫై మంది లైక్ కొట్టారు. పోయిన వారం చలి మొదలై హీటర్ వేశాం. క్లోజెట్ వెచ్చబడింది, సగంలో నిద్రపోయిన ఈస్ట్ లేచింది. మిగతాది గోడ మీద ఉంది.

నాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళు పాలకేంద్రంలో పనిచేశారు. రాత్రి ఆ గాజు పెంకులు ఎత్తుతున్నంతసేపూ ఏమీ అనలేదు. పొద్దున కాఫీ తాగుతూ హైడ్రోమీటరు తీసి వెలుతురుకి పెట్టి చూశారు. "ఇందులో కాగితం కిందికి జారిందిరా. ఇదిగో, పాత జిగురు మరక ఇక్కడుంది, కాగితం ఇక్కడుంది." గ్లాసుడు నీళ్ళలో వేశాం. 0.980.

అంటే ప్రతిసారీ ఇరవై పాయింట్లు తక్కువ చూపించింది. మొదట్లో 1.068 అన్నప్పుడు అది నిజానికి 1.088, చక్కెర సరిపోయింది. నేను పోసిన 600 గ్రాములు దండగ. చివర్లో 1.000 అన్నప్పుడు నిజానికి 1.020. లీటరుకు యాభై గ్రాముల పైన చక్కెర ఇంకా మిగిలే ఉంది. షాంపేన్ సీసాలో లీటరుకు 24 గ్రాములు పులిస్తేనే, పుట్టే గ్యాస్‌కి ఆరు అట్మాస్ఫియర్ల ఒత్తిడి వస్తుంది, దానికోసం అంత మందం సీసా వాడతారు. నావి షోకేసులో పెట్టుకునే నలుచదరపు సీసాలు. గుండ్రటి దానికున్న బలం వాటి మూలలకి ఉండదు. "కల్లు కుండకైనా మూత బిగించరు కదరా" అని నాన్న అప్పుడన్నారు, కోప్పడకుండా. అదే ఎక్కువ గుచ్చుకుంది. పాలలో నీళ్ళు పట్టుకున్న మనిషి కొడుకుని, నీళ్ళలో గొట్టం వేసి చూడాలని నాకు తోచలేదు.

ఇప్పటిదాకా జరిగింది ప్రమాదం అనుకోవచ్చు. కాగితం జారడం అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది, పాపం అనుకునే ఫోన్ చేశాను. తిట్టడానికి కాదు, చెప్పడానికి. వేరేవాళ్ళకి ఇంకేమైనా అమ్మి ఉంటే జాగ్రత్త పడతాడని. మొత్తం విని అతనన్న మాట ఇది, ఒక్క ముక్క మార్చలేదు:

"అదేంటన్నా, నీళ్ళలో వేసి చూసుకోలేదా మీరు? నేనైతే ఎప్పుడూ ఇరవై కలుపుకునేవాణ్ణి."

ఇరవై కలుపుకునేవాడట! తెలుసు. ఎంత తేడానో అంకెతో సహా తెలుసు. అమ్మేటప్పుడు చెప్పలేదు. నేను ఫోటో పంపితే దాంట్లో 1.000కి ఇరవై కలపకుండా బొటనవేలు పెట్టాడు. ఆ మెసేజ్ సంగతి అడిగితే, "మీరు కొత్త హైడ్రోమీటర్ కొనుక్కున్నారేమో అనుకున్నా" అన్నాడు. మరి ఆ ఫోటోలో మీ పాత గొట్టం ఎర్ర గీత కనబడుతోంది కదయ్యా అంటే రెండు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత, "90 డాలర్లకి ఇంత డ్రామా ఎందుకన్నా? యూజ్డ్ ఐటెమ్ అది. వైన్ అందరికీ సెట్ కాదు."

అందరికీ సెట్ కాదట. డబ్బు అడగలేదు నేను. సారీ కోసం ఒక నిమిషం ఆగాను, అంతే. సాయంత్రానికి నా నంబరు బ్లాక్ చేశాడు. పాట్‌లక్ ఇంకో రెండు వారాలుంది, అక్కడ ఎలా తప్పించుకుంటాడో చూస్తాను.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే: గాజు కార్బాయ్, బకెట్ సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు, పగుళ్ళు చూసుకోండి. హైడ్రోమీటరు, ఈస్ట్ మాత్రం కొత్తవే కొనండి, రెండూ కలిపి ఇరవై డాలర్లు కూడా కావు. కొన్న రోజే నీళ్ళలో వేసి చూడండి. నోటికి తియ్యగా ఉంటే ఎవరేం చెప్పినా సీసాలో పోయకండి. ఇంకో మాట, అమెరికాలో ఇంటి వాడకానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. ఇండియాలో ఉన్నవాళ్ళు మీ రాష్ట్రం ఎక్సైజ్ రూల్స్ చూసుకున్నాకే ఏదైనా.

మిగిలిన తొమ్మిది సీసాల్ని దుప్పటి కప్పి వెనక డెక్ మీద చలిలో పెట్టాను, చల్లబడితే ఒత్తిడి తగ్గుతుందని. రేపు పొద్దున కళ్ళద్దాలు, లెదర్ గ్లవ్స్ వేసుకుని, టవల్ చుట్టి ఒక్కోటీ తెరవాలి. నాన్న తాను తెరుస్తానంటున్నారు, నేను ఒప్పుకోలేదు. పిల్లల్ని పక్కింటికి పంపేస్తున్నాం.