డెవాప్స్: విడిగా టీమ్ పెట్టాలా, కోడ్ రాసినవాళ్లే నడపాలా? ఏది మేలు?

డెవాప్స్ అంటే కోడ్ రాయడం (డెవలప్‌మెంట్), దాన్ని సర్వర్ల మీద నడపడం (ఆపరేషన్స్) కలిపి చూసుకోవడం. పది పన్నెండు మందితో నడిచే విజయవాడ, గుంటూరు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇది తరచూ తేలని పంచాయితీ. రిలీజులు, సర్వర్లు చూసుకోవడానికి ఒక 'డెవాప్స్ ఇంజనీర్'ని తీసుకుంటే చాలదా అంటారు. కానీ 2009లో బెల్జియంలోని ఘెంట్‌లో పాట్రిక్ డెబ్వా అనే ఐటీ కన్సల్టెంట్ మొదటి డెవాప్స్‌డేస్ సదస్సు నిర్వహించిందే డెవలపర్లకూ ఆపరేషన్స్ వాళ్లకూ మధ్య గోడ తీసేయడానికి. విడి టీమ్ పెడితే ఆ గోడకి కొత్త బోర్డు తగిలించినట్టే.

గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారనుకోండి. డెవలపర్ డేటాబేస్‌లో తూకం కాలమ్ పేరు మార్చి, 'నా దగ్గర నడుస్తోంది' అని అప్పజెప్పాడు. రాత్రి డెవాప్స్ మనిషి మైగ్రేషన్ (డేటాబేస్‌లో ఆ మార్పు చేసే స్క్రిప్టు) నడిపాడు. రెండో సర్వర్‌లో ఇంకా పాత కోడే ఉంది, అది పాత పేరే వెతుకుతుంది, బిల్లులు ఆగిపోతాయి. రోల్‌బ్యాక్ చేస్తే, అంటే పాత వెర్షన్‌కి మళ్లితే, కోడ్ వెనక్కి వస్తుంది గానీ కాలమ్ రాదు. ఆ టేబుల్ తెలిసినవాడేమో నిద్రలో ఉన్నాడు.

రాత్రి బిల్లులు ఆగితే ఫోను తనకే వస్తుందని తెలిసిన డెవలపర్ ఇదే పనిని విడగొడతాడు. ముందు కొత్త కాలమ్ చేర్చి, రెండింట్లోనూ రాయిస్తాడు. పాత వరుసల్ని వెయ్యేసి చొప్పున కాపీ చేస్తాడు. ఒక్కసారే చేస్తే టేబుల్ లాక్ అయి కొట్లో కౌంటర్ బిగుసుకుపోతుంది. తర్వాత చదవడం కొత్తదానికి మారుస్తాడు. వారం గడిచాకే పాతది తీసేస్తాడు. ఆ చివరి అడుగు తప్ప ఎక్కడైనా వెనక్కి రావచ్చు.

అలాగని విడి టీమ్ దండగ కాదు. ఐదారు టీములు ఒకే ప్లాట్‌ఫామ్ మీద ఉంటే కుబెర్నెటిస్ (చాలా సర్వర్ల మీద ప్రోగ్రాములను నడిపించే వ్యవస్థ), బ్యాకప్‌లు, పాస్‌వర్డుల నిర్వహణ ఒకచోట ఉండటమే నయం. చిన్న ఆఫీసులో మాత్రం తాళాలన్నీ ఒక్కడి చేతిలోకి పోతాయి; అతను సంక్రాంతికి ఊరెళ్తే రిలీజులూ సెలవులోకి వెళ్తాయి.

అందరూ మోసే పద్ధతికి ఖర్చు ఆన్‌కాల్, అంటే రాత్రీపగలూ ఫోనుకు అందుబాటులో ఉండే వంతు. ముగ్గురే ఉంటే ఒక్కొక్కరికీ ప్రతి మూడో వారం నిద్ర ఉండదు, ఆర్నెల్లలో రాజీనామా లెటరు వస్తుంది. కనీసం ఆరుగురు ఉండాలి, వారానికొకరు, వెనక ఇంకొకరు. డిస్క్ 80 శాతం నిండితే పొద్దున్న చూసుకునే టికెట్ చాలు. బిల్లు పడకపోతేనే ఫోను మోగాలి. అన్నింటికీ మోగే ఫోన్‌ని మూడో రోజు నుంచి ఎవరూ పట్టించుకోరు.

పదిహేను మంది లోపు ఆఫీసుకైతే నా ఓటు కోడ్ రాసినవాళ్లే నడిపే పద్ధతికే. అనుభవం ఉన్న ఒకరు పైప్‌లైన్ (కోడ్‌ని పరీక్షించి సర్వర్‌కి చేర్చే ఆటోమేటిక్ వరుస) కట్టివ్వాలి, సర్వర్‌కి పంపే డిప్లాయ్ బటన్ మాత్రం కోడ్ రాసినవాళ్లే నొక్కాలి. ఇమేజ్‌కి (సర్వర్ మీద నడిచేలా కట్టిన ప్రోగ్రాం ప్యాకేజీకి) 'లేటెస్ట్' అని కాకుండా వెర్షన్ నంబరు పెట్టండి, లేకపోతే రోల్‌బ్యాక్ దేనికి చెయ్యాలో తెలియదు. మొదలుపెట్టేది ఒక్క సర్వీసుతోనే, అదీ యార్డు సీజన్ తగ్గాక.