కాలేజీ ప్లేస్‌మెంట్ టెస్టుకు మాక్ టెస్టులా, పాత లెక్కల పుస్తకాలా: ఏది మేలు?

మా అన్నయ్య కుటుంబం అమెరికా వెళ్తోంది. ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన మేనకోడలు అక్కడ కమ్యూనిటీ కాలేజీలో చేరాలి. చేరే ముందు ఆక్యుప్లేసర్ రాయమన్నారు. పిల్లల్ని ఏ స్థాయి కోర్సులో వేయాలో తేల్చడానికి కంప్యూటర్ మీద పెట్టే ప్లేస్‌మెంట్ టెస్టు అది, పాస్, ఫెయిల్ ఉండవు. ఏడు వారాలుగా ఆ పిల్ల విజయనగరంలో మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది. మొదటి మూడు వారాలు ఒక దారిలో వెళ్లాం, తర్వాత దారి మార్చాం. ఇలాంటి పరీక్షకు పిల్లల్ని తయారు చేస్తున్న తల్లిదండ్రులకు మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి దారి మనందరికీ తెలిసిందే. ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేర్పించాను. రోజూ కంప్యూటర్ మీద మాక్ టెస్ట్, గడియారం పెట్టి. ఎంసెట్ పద్ధతే, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు. ఆ పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలు, తప్పుకు మార్కు కోత లేదు. అందుకే మన పిల్లలు ముందు తేలికవి చేసేసి, కష్టమైనవి గుర్తు పెట్టుకుని రెండో రౌండులో చూస్తారు. చివరి పది నిమిషాల్లో మిగిలినవాటికి ఏదో ఒక ఆప్షన్ నొక్కేస్తారు. ఆ పరీక్షకు అది మంచి ఉపాయమే. నేనూ ఏళ్ల తరబడి అదే నేర్పాను.

ఆక్యుప్లేసర్‌లో ఆ ఉపాయం ఒక్కటీ నడవదు. ఒక ప్రశ్నకు జవాబు ఇస్తేనే తర్వాతది వస్తుంది. వదిలేసి ముందుకు వెళ్లలేం, వెనక్కి వచ్చి దిద్దుకోలేం. మనం ఇచ్చే జవాబుల్ని బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటుంది. సరిగ్గా చేస్తుంటే ప్రశ్నలు కష్టమవుతాయి, తప్పితే తేలికవుతాయి. లెక్కల్లో మూడు పరీక్షలున్నాయి: ఒకటి అంకగణితం, రెండోది బీజగణితం, గణాంకాలు కలిసినది, మూడోది పై స్థాయి బీజగణితం. ఒక్కోదానిలో 20 ప్రశ్నలు, స్కోరు 200 నుంచి 300 మధ్య. టైమ్ లిమిట్ లేదు. మూడు వారాల పాటు మేం డబ్బు కట్టి నేర్పించింది వేగం. ఈ పరీక్ష అడగనిది కూడా సరిగ్గా అదే.

ఈ పరీక్ష తయారుచేసే కాలేజ్ బోర్డు వాళ్లు ఉచితంగా ఇచ్చే ప్రాక్టీసు తెరిచిన రోజే నాకు విషయం అర్థమైంది. 80 డాలర్ల బూట్ల మీద 25 శాతం తగ్గింపు, తగ్గిన ధర మీద 5 శాతం పన్ను, ఎంత కట్టాలి? అలాంటి లెక్క ఒకటి ఇచ్చి చూశాను. అర నిమిషంలో 64 అంది. 25లోంచి 5 తీసేసి 20 శాతం తగ్గించేసింది! ముందు 60కి దించి, దాని మీద 3 పన్ను కలిపితే 63 రావాలి. సమాకలనం చేయగల పిల్ల శాతాల దగ్గర తడబడిందంటే తెలివి లేక కాదు. రెండేళ్లుగా ఆ వైపు చూడకపోవడం, ప్రశ్న పూర్తిగా చదవకుండా పరుగెత్తడం అలవాటైపోవడం, అంతే.

అప్పుడు రెండో దారి పట్టాం. ఎనిమిది నుంచి పది తరగతుల లెక్కల పుస్తకాలు తెచ్చి, గంటస్తంభం దగ్గర రెండు నోట్‌బుక్కులు కొని మొదటి నుంచి మొదలుపెట్టాం. భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు, ఘాతాంకాలు, సగటు, మధ్యగతం, సంభావ్యత. పై స్థాయి బీజగణితానికి వర్గ సమీకరణాలు, ప్రమేయాలు, సంవర్గమానాలు, త్రికోణమితి. కలనం అవసరం లేదు కాబట్టి ఇంటర్ పుస్తకంలో సగం పక్కన పెట్టేయొచ్చు. అడుగు, అంగుళం, గాలన్ కొలతలు మన పిల్లలకు కొత్త, వాటికి ఒక పూట చాలు. కాలిక్యులేటర్ కొన్ని ప్రశ్నలకు తెర మీదే వస్తుంది, సొంతది తీసుకెళ్లనివ్వరు. చేత్తో లెక్క చేసే అలవాటున్న మన పిల్లలకు అది కలిసొచ్చేదే.

వారానికి రెండుసార్లు ప్రాక్టీసు టెస్ట్ పెడతాను, గడియారం లేకుండా. మొదటిసారి పన్నెండో ప్రశ్న దగ్గర టెన్షన్ పడిపోయింది. "అత్తా, ఇదేటి, ముందుకెళ్లేకొద్దీ ముదిరిపోతున్నాయి, నాకేం రాదా?" అంది. నిజానికి అసలు పరీక్షలో ప్రశ్నలు ముదురుతున్నాయంటే బాగా చేస్తున్నట్టే. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే పిల్లలు మధ్యలోనే ధైర్యం వదిలేస్తారు. అలాగే ఒకటి తప్పినంత మాత్రాన అంతా పోదు, తర్వాతవి సరిగ్గా చేస్తే మళ్లీ పైకి వస్తారు.

ఇంగ్లీషుకు మాత్రం రెండు దారులూ కొంత కావాలి. రీడింగ్‌లో 20, రైటింగ్‌లో 25 ప్రశ్నలు. వ్యాకరణానికి మాక్ టెస్టులు పనికొస్తాయి, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం వస్తుంది. చదివి అర్థం చేసుకోవడానికి రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక వ్యాసం చదివి, దాని సారం తెలుగులో నాకు చెప్పమంటాను. తెలుగు మీడియం పిల్లలైతే దీనికి నెల కాదు, మూడు నెలలు పెట్టుకోండి.

ఫెయిల్ లేని పరీక్షకు చదవడమెందుకని కొందరంటారు. ఆ మాట వినకండి. స్కోరు తక్కువైతే ముందు రెమెడియల్ కోర్సు, అంటే కింది స్థాయి పాఠాలు మళ్లీ చెప్పే కోర్సు, చేయమనొచ్చు. దానికి ఫీజు డాలర్లలో కట్టాలి, సాధారణంగా అది డిగ్రీ క్రెడిట్లలో కలవదు.

ఏ పరీక్షో కాలేజీని ముందే అడగండి. కొన్నిచోట్ల లెక్కలకు అలెక్స్ అనే వేరే ప్లేస్‌మెంట్ టెస్టు పెడతారు. అందులో ఎక్కువలో ఎక్కువ 30 ప్రశ్నలు, జవాబు ఎక్కువగా మనమే టైపు చేయాలి, ఆప్షన్లు చూసి ఊహించే పని లేదు. దానికైతే పుస్తకం దారే శరణ్యం. చదువు మానేసి ఏళ్లయి, ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలకు కోచింగ్ పెట్టించండి, తప్పులేదు. కానీ చేరేటప్పుడే అడగండి: పాఠం మొదటి నుంచి చెప్తారా, లేక టెస్టులు మాత్రమే పెడతారా? టెస్టులే అంటే ఆ డబ్బు దాచుకోండి.

మా పిల్ల ప్రయాణానికి ఇంకా పది రోజులుంది. నిన్న బూట్ల లెక్కను అంకెలు మార్చి ఇచ్చాను. మూడు నిమిషాలు తీసుకుంది, సరిగ్గా చేసింది. ఘాతాంకాల్లో భిన్నాలు వస్తే ఇంకా తడబడుతోంది. రేపు పొద్దున్న వాటితో కూర్చుంటాం.