బరంపురంలో మోసం, బెల్లగుంఠలో నూనె సీసా

బరంపురంలో 2,400 రూపాయలు పోసి కొన్న నూనె సీసా అడుగున ‘1917’ అని ఉంది. సీసా పాతదే. అంకెలు కొత్తవి, మూత ఇంకో సీసాది. పాత సైనిక రైఫిళ్ల నూనె సీసాల కోసం ఒడిశాలోని గంజాం జిల్లా వైపు వెళ్లేవాళ్లకి కనీసం ఆ డబ్బు మిగలాలని ముందే చెప్పేస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం ఇచ్ఛాపురం మీదుగా కారులో దిగాం, అక్క, బావ, నేను. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ప్రాంతం కాబట్టి బజార్లో తెలుగుతోనే పని జరిగిపోతుంది. స్టేషన్ దగ్గర లాడ్జిలో ఏసీ గది 1,450, అదనపు పరుపుకి 300. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు వచ్చాయి. భోజనం 130. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

శనివారం పొద్దున పాత సామాన్ల దుకాణం. పేరు చెప్పను. పెట్రోమాక్సులు, గ్రామఫోను బాకాల మధ్య గాజు పెట్టెలో ధగధగలాడుతూ ఇత్తడి సీసా. “జర్మన్ తుపాకీది సార్, మొదటి యుద్ధం, 3,500” అన్నాడు. జర్మన్ కానే కాదు. ఇది బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ 303 రైఫిల్‌ది. ఆ రైఫిల్‌ని భుజానికి ఆనించే చివర ఉన్న పలకలో చిన్న తలుపు ఉంటుంది. దాని వెనక గూట్లో గొట్టం లోపల తుడవడానికి లాగే పుల్‌త్రూ తాడు, నూనె సీసా పడుకుంటాయి. ఎన్‌సీసీలో 303 పట్టినవాళ్లకి తెలిసిన గూడే. సీసా మధ్యవేలంత పొడుగు. మూతకి పట్టు కోసం గరుకు గీతలు, మూత లోపలి నుంచి కిందికి దిగే సన్నటి చెంచా. నూనె పోయక్కర్లేదు, ఆ చెంచాతో చుక్క చుక్కగా వేసుకోవచ్చు.

జర్మన్ కాదని పట్టేశానన్న సంబరంలో మిగతావి చూడనేలేదు. బావ బేరమాడి 2,400కి దించాడు, అదో గెలుపనుకున్నాం. గదికొచ్చి భూతద్దం పెడితే అప్పుడు బయటపడింది.

మూత విప్పి మళ్లీ బిగించండి. రెండు చుట్లకే పట్టేసి, బలవంతం చేస్తే వంకరగా ఎక్కితే అది ఆ సీసా మూత కాదు. మాదానికి చెంచా కూడా పొడుగెక్కువ, అడుగుకి తగిలి మూత కూర్చోవట్లేదు. లోపల వాషరు తోలుది ఉండాలి, మాకు దొరికింది సైకిల్ ట్యూబు ముక్క. వాషరు ఒక్కటే మారిస్తే తప్పు కాదు, పాత తోలు ఎండి చిట్లిపోతుంది. మూత, చెంచా, వాషరు మూడూ మారితే మాత్రం అతుకులబొంత.

అంకెల సంగతి ఇంకా సులువు. పాత ముద్ర అయితే ఏళ్ల తరబడి తుడిచిన రాపిడికి అంకెల అంచులు అరిగి మెత్తబడతాయి, గుంటల్లో నల్లటి మురికి గట్టిపడి ఉంటుంది. ఇక్కడ పాలిష్ గీతలు అంకె దాకా వచ్చి తెగిపోయాయి, గుంట లోపల లోహం పసుపుపచ్చగా మెరుస్తోంది. అంటే తోమిన తర్వాత సుత్తితో కొట్టిన అంకెలు. ‘1’లు రెండూ ఒకే వాలులో కూడా లేవు. ఉత్త బాణం గుర్తు చూసి కూడా మురిసిపోకండి. అది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని చెబుతుంది, ఏడాది చెప్పదు. బాణం కింద ‘ఐ’ ఉంటే బ్రిటిష్ ఇండియా, ‘సి’ అక్షరం లోపల బాణం ఉంటే కెనడా, రెండు ‘డి’ల మధ్య ఉంటే ఆస్ట్రేలియా. జేబులో అయస్కాంతం పెట్టుకోండి. ఇనుముతో, తర్వాత ప్లాస్టిక్‌తో చేసిన సీసాలూ ఉన్నాయి, ఇనుపదానికి ఇత్తడి పూత పూసి అమ్మితే అయస్కాంతం చెప్పేస్తుంది.

అక్క ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. 2,400కి బరంపురం పట్టు చీర రాదు గానీ మంచి ఊరగాయ, అప్పడాలు ఏడాదికి సరిపడా వస్తాయన్న లెక్క మాత్రం రెండుసార్లు వినిపించింది.

ఆదివారం బెల్లగుంఠ. ఆస్కా మీదుగా డ్రైవరుతో కారు అద్దె 2,800, టోల్ మనదే. మెలికలు తిరిగే ఇత్తడి చేపలు చేసే ఊరు. ముక్కముక్కకీ కీలు పెట్టి చేస్తారు, తోక పట్టుకుంటే ఒళ్లంతా ఊగుతుంది. అక్క ఒకటి 1,650కి కొని, మళ్లీ మాటలు మొదలుపెట్టింది. కంచరి ఇంటి వెనక కరిగించడానికి తెచ్చిన పాత ఇత్తడి కుప్ప ఉంది. చెంబులు, గంటెలు, కుళాయి తలలు. అడుగున నల్లబడిన సీసా, మూతతో సహా. “ఇంత చిన్నదానికి కాటా ఎందుకు బాబూ, వంద ఇయ్యి” అన్నాడు ముసలాయన. బాణం గుర్తు ఉంది, చెంచా ఉంది, తోలు వాషరు సగం ఉంది. నల్లగా ఉండబట్టే నమ్మాం.

అలాంటిది దొరికితే చింతపండు, ఉప్పు జోలికి పోవద్దు. పులుపుకి ఇత్తడి పైపొరలోని జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది, గులాబీ మచ్చలు పడతాయి. అమోనియా ఉన్న పాలిష్ ఇంకా ప్రమాదం. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి గుల్లలు వాటంతట అవే చిట్లాయి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియాదే ఆ పని. సాగదీసి చేసిన ఇత్తడిలో బిగువు ఉండిపోతుంది, అమోనియా తగిలితే చీలుతుంది. మూత బిగుసుకుపోతే ఒక రాత్రి కిరోసిన్‌లో ముంచి, పొద్దున వేడినీళ్లలో పెట్టి, సైకిల్ ట్యూబు చుట్టి చేత్తో తిప్పండి. పటకారు పెడితే గరుకు గీతలు పోతాయి. లోపల ఆకుపచ్చ జిడ్డు కనిపిస్తే భయపడక్కర్లేదు, పాత నూనెలోని ఆమ్లం ఇత్తడిని తిన్న గుర్తది. మళ్లీ కిరోసిన్ పోసి ఊపి పారబోయండి. కొత్త వాషరుకి చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలు ముక్క 20 రూపాయలు, ఆముదంలో నానబెట్టి వెయ్యాలి.

గోపాల్‌పూర్‌లో సముద్రం కనిపించే గది అని 2,200 తీసుకున్నారు, బాల్కనీలో బావలాంటి పొడుగు మనిషి మునివేళ్ల మీద నిలబడితే కనిపిస్తుంది. గవ్వల కొట్టులో రెండు ముక్కుల రేకు డబ్బా, అమెరికా సైన్యానిదని 900. మూతల మీద రష్యన్ అక్షరాలు. మూడు నిలువు గీతలకి తోక ఉన్న ‘ష్చ’ వైపు తుపాకీ గొట్టం కడిగే క్షారం, ఇంగ్లీషు హెచ్‌లా కనిపించే ‘న’ వైపు నూనె. రష్యన్ రైఫిల్‌దని చెప్పాక 400కి ఇచ్చాడు. ఆ ఊరి రేవు నుంచే ఒకప్పుడు మనవాళ్లు రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లేవారు. బ్రిటిష్ సిపాయిలు తుపాకులకి రాసింది కూడా రంగం నూనే.

ఒక జాగ్రత్త. సీసా కొనొచ్చు గానీ తుపాకీ బోల్టు, గొట్టం, తూటా ఎవరైనా చూపిస్తే ముట్టుకోవద్దు. 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం విడిభాగం కూడా ఆయుధమే.

వచ్చేదారిలో బరంపురం దుకాణానికి వెళ్లి సీసా బల్ల మీద పెట్టాం. డబ్బు వాపసు లేదన్నాడు, కావాలంటే బదులు పెట్రోమాక్స్ తీసుకోమన్నాడు. బావ తీసుకున్నాడు. ఇంటికొచ్చి కొత్త మాంటిల్ కట్టినా వెలగట్లేదు. దాని పంపు వాషరు కూడా తోలుదే, ఎండిపోయింది.