బైబిళ్ల షాపులో కొన్న ‘ఫాలెన్’ సీడీ

2003 ఏప్రిల్ మొదట్లో ఈ సీడీ కొన్నాను. కొన్నది మ్యూజిక్ షాపులో కాదు, బైబిళ్లు అమ్మే షాపులో. టెక్సస్ వచ్చి అప్పటికి రెండేళ్లు. ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా నైట్ డ్యూటీలు, ఆదివారం మా తెలుగు ఫెలోషిప్‌లో కీబోర్డు. సండే స్కూల్ పిల్లలకి స్టిక్కర్లు తీసుకుందామని వెళితే, ఆరాధన పాటల సీడీల పక్కనే ఇది కనిపించింది. అట్ట నిండా నీలం వెలుగులో పాలిపోయిన ఒక అమ్మాయి ముఖం. బ్యాండు పేరు ఇవానెసెన్స్. ఆ అరలో పెట్టారంటే దేవుడి పాటలే అయి ఉంటాయనుకున్నాను.

ఇంటికి వెళ్తూ కారులో పెట్టాను. రెండో పాట ‘బ్రింగ్ మీ టు లైఫ్’. నన్ను నిద్ర లేపు, చీకట్లోంచి కాపాడు, నాకు ప్రాణమివ్వు అని గాయని ఎమీ లీ గొంతెత్తి అడుగుతోంది. మా ఫెలోషిప్‌లో దేవుడు తమని ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పేవాళ్లు దాదాపు ఇవే మాటలంటారు. ముందు రాత్రి వార్డులో ఇద్దరు పోయారు. అపార్ట్‌మెంట్ ముందు కారు ఆపుకుని, పాట అయ్యేదాకా ఏడ్చాను.

కొన్ని వారాల తర్వాత ఫ్రెండ్‌కి ఇద్దామని ఇంకో సీడీ కోసం వెళితే అర ఖాళీ. కంపెనీవాళ్లే వెనక్కి పంపమన్నారని కౌంటర్లో అబ్బాయి చెప్పాడు. విషయం తర్వాత తెలిసింది. ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ పత్రిక ఇంటర్వ్యూలో బ్యాండు గిటారిస్టు బెన్ మూడీ, అసలు క్రైస్తవ పాటల చార్టుల్లో మాకేం పని అని బూతు మాట కలిపి మరీ అన్నాడు. దాంతో వాళ్ల రికార్డు కంపెనీ విండప్ ఛైర్మన్ అలన్ మెల్ట్జర్, క్రైస్తవ షాపులకీ రేడియోలకీ ఉత్తరం రాసి సీడీలు తీసేయమన్నాడు. మార్చి 4న విడుదలైన ఆల్బం ఏప్రిల్లోనే ఆ షాపుల్లో మాయమైంది.

నాకు కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు. మోసపోయినట్టనిపించింది. కానీ ఆ పొరపాటు ఊరికే పుట్టలేదు. ఎమీ, బెన్ కలిసింది ఆర్కన్సాలో, పిల్లల క్రైస్తవ క్యాంపులో. ఆమె పియానో వాయిస్తుంటే అతను విన్నాడు, అక్కడ మొదలైంది బ్యాండు. మొదట్లో తమ పాటల్లో దేవుడి ప్రేమ గురించి అతనే మాట్లాడాడు కూడా. ఎమీకి మాత్రం క్రైస్తవ బ్యాండనే ముద్ర ఇష్టం లేదు. అదే విండప్ కంపెనీలో ఉన్న క్రీడ్ అనే బ్యాండుకీ ఇదే తలనొప్పి. పేరుకి అర్థమే విశ్వాస ప్రమాణం కదా! వాళ్ల ‘హయ్యర్’ పాటని పరలోకం గురించి అనుకున్నవాళ్లున్నారు. అది రాసింది కలలో ఉన్నామని తెలిసే కనే కల గురించి.

‘బ్రింగ్ మీ టు లైఫ్’ వెనక కథ ఎమీ తర్వాత చెప్పింది. లోపల నలిగిపోతూ, పైకి బాగున్నట్టు నటిస్తున్న రోజుల్లో, ఒక రెస్టారెంట్లో అంతగా పరిచయం లేని ఒకతను ఆమెని సంతోషంగా ఉన్నావా అని అడిగాడట. అంతే. ఆ ఒక్క ప్రశ్నకి లోపలున్నదంతా కదిలింది. తర్వాత ఆమె పెళ్లి చేసుకున్నది అతన్నే. నేను ప్రార్థన అనుకున్నది మనిషితో అన్న మాట! మన దగ్గరా అంతే. నీవు లేక నేను లేను అని పల్లవి మొదలైతే, అది సినిమా పాటో ఆరాధన పాటో పదేళ్లుగా కీబోర్డు వాయిస్తున్న నేనే చెప్పలేకపోయిన రోజులున్నాయి. మనిషినైనా దేవుణ్నైనా నీవనే అంటాం.

ఆరో పాట ‘టోర్నికే’ గురించి నర్సుగా చెప్పాలి. చేతికో కాలికో రక్తం కారిపోతుంటే గాయానికి రెండు మూడు అంగుళాల పైన టోర్నికే అనే పట్టీ వేస్తాం. దానికున్న కడ్డీని తిప్పుతూ, రక్తం ఆగేదాకా బిగిస్తాం. కట్టిన టైమ్ దాని మీదే రాస్తాం. బిగిస్తుంటే పేషెంటు తీసేయమని అరుస్తాడు, అంత నొప్పి. ఆ నొప్పే ప్రాణాన్ని నిలబెడుతుంది. తన ప్రాణం తానే తీసుకోబోయి, రక్తమోడుతూ, నాకింకా రక్షణ ఉందా అని అడిగే మనిషి పాట ఇది. దేవుణ్ని ఆ పట్టీతో పోల్చారు, క్రీస్తు పేరు పెట్టి పిలిచారు. దీనికి మూలం సోల్ ఎంబ్రేస్డ్ అనే క్రైస్తవ మెటల్ బ్యాండు పాట. ప్రాణం తీసుకోబోయినవాళ్లని స్ట్రెచర్ మీద చూశాను, చెయ్యి పట్టుకున్నాను. ఇంత నిజంగా అడిగిన పాట మా పాటల పుస్తకంలో నాకు కనిపించలేదు.

అన్నిటికన్నా నాకు దగ్గరైంది తొమ్మిదోది, ‘హలో’. ఎమీకి ఆరేళ్లప్పుడు చిన్న చెల్లెలు చనిపోయింది. ఆ పాట ఆ చెల్లెలి కోసం. చాలా పాటల్లో గర్జించిన గిటార్లు ఇక్కడ లేవు. పియానో, తీగవాద్యాలు, గొంతు, అంతే. స్కూల్ బెల్లు మోగుతుంది, వాన వస్తుంటుంది, జరిగింది ఇంకా నమ్మలేని పిల్ల తనతో తనే మాట్లాడుకుంటుంది. ఓదార్పు పెద్దగా ఉండదు. వార్డు బయట బెంచీ మీద కూర్చున్న పిల్లలు ఇలాగే ఉంటారు.

లోపాలూ ఉన్నాయి. ‘బ్రింగ్ మీ టు లైఫ్’లో మధ్యలో అరిచే మగగొంతు నాకు ఇప్పటికీ అడ్డమే. కంపెనీ పట్టుబట్టి పెట్టించిందని ఎమీయే చెప్పింది. ‘టేకింగ్ ఓవర్ మీ’, ‘మై లాస్ట్ బ్రెత్’ పక్కపక్కన వింటే ఒకే పాటలా ఉంటాయి. సౌండు చాలావరకు గట్టిగా ఉంటుంది, హెడ్‌ఫోన్స్‌లో వాల్యూమ్ తగ్గించి వినండి. చివరి పాట ‘విస్పర్’కి మాత్రం పెంచండి. ఆఖర్లో లాటిన్‌లో కోరస్ లేస్తుంది, ఆపద నుంచి, కీడు నుంచి కాపాడమన్న మాటలతో. కోయిర్‌లో పాడినవాళ్లకి ఆ చోట ఒళ్లు పులకరిస్తుంది.

ఆదివారం ఆరాధనకి పాటలు కావాలంటే ఇది కొనకండి, ఆ పని కోసం చేసింది కాదు. అట్ట మీద సిలువ లేదు, బ్యాండు ఆ మాట ఇవ్వలేదు. దుఃఖంలో ఉండి, ఎవరూ అడగని ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండుననిపిస్తే కొనండి. 2023లో ఇరవయ్యేళ్ల సందర్భంగా మళ్లీ విడుదల చేశారు, దొరకడం కష్టం కాదు. 2022లోనే అమెరికాలో డైమండ్ సర్టిఫికెట్, అంటే కోటి కాపీల లెక్క దాటింది.

అప్పట్లో మా పాస్టరమ్మ గారు నా కారులో ఇది విని, “ఏం పాటలమ్మా ఇవి, భయమేస్తోంది” అన్నారు. తర్వాతి ఏడాది వాళ్ల తమ్ముడు పోయాడు. ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. దారిలో ఏదైనా పాట పెట్టమన్నారు. ‘హలో’ పెట్టాను. అది అయిపోయాక కాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయి, మళ్లీ ఒకసారి వెయ్యమ్మా అన్నారు.